బేస్ గిటారు యాంప్లిఫైయరుకు తగిన స్పీకరు పెట్టె

కచేరీ వేదికమీద బేస్ గిటారు వాయించువాని వెనుక రెండు పెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండును. పైనున్న చిన్నది యాంప్లిఫైయరు. వాద్యకారులు దానిని హెడ్ అందురు. క్రిందనున్న పెద్ద కొయ్య పెట్టెలో స్పీకర్లు ఉండును. దానిని కాబినెట్టు అందురు. ఈ రెంటిని వేరువేరుగా కొనుటలో సౌకర్యము లేకపోలేదు. మోయుట సులువు, ఒకటి చెడినను రెండవది మిగులును. చిక్కు కూడ ఇక్కడనే ఉన్నది. ఏ హెడ్డుకు ఏ కాబినెట్టు తగిలించినను మొదట ధ్వని వచ్చును. జత కుదరకపోయిన సంగతి పెండ్లి పందిట్లో ఆర్కెస్ట్రా మంచి ఊపుమీద ఉన్నప్పుడు, కాలిన వాసనతో తెలియును. అప్పుడు పోవునది వాద్యకారుని కొన్ని నెలల సంపాదన.

ఈ వాద్యమునకే ఇంత జాగ్రత్త ఎందుకు? నాలుగు తంతుల బేస్ గిటారులో అన్నిటికంటె లావైన తంతి సెకండుకు 41 సార్లు కంపించును. ఐదవ తంతి ఉన్నచో అది సుమారు 31 సార్లు. ఇంత మంద్రమైన ధ్వనిని గదినిండ వినిపించుటకు చాల గాలిని కదల్పవలెను. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను గిటారును, మరుసటి ఏడే దానికొరకు బేస్‌మన్ అను యాంప్లిఫైయరును విడుదల చేసెను. సభలు పెద్దవైన కొలది ఆ బలము చాలకపోయెను. 1969లో ఆంపెగ్ కంపెనీవారి ఎస్.వి.టి. వచ్చెను. అది పదునాలుగు వాల్వులతో 300 వాట్లు ఇచ్చు హెడ్. దాని క్రింద ఒక్కొక్క దానిలో ఎనిమిదేసి 10 అంగుళాల స్పీకర్లున్న కాబినెట్లు ఉండెడివి. ఈ జతను మరల తలచుకొందుము.

ముందు ఓముల సంగతి. స్పీకరు తీగచుట్ట విద్యుత్ప్రవాహమునకు కొంత అడ్డు కల్పించును. ఆ అడ్డును ఇంపీడెన్సు అందురు; దానిని ఓములలో కొలుతురు. కాబినెట్టు వెనుక 8 ఓములనియో, 4 ఓములనియో వ్రాసి ఉండును. మీటరు పెట్టి చూచిన 8 ఓముల కాబినెట్టు ఇంచుమించు 6 మాత్రమే చూపును. అది లోపము కాదు. మీటరు కొలుచునది చుట్టలోని తీగ నిరోధమును మాత్రమే. సంగీతము ప్రవహించునపుడు ఈ అడ్డు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క విధముగ మారుచుండును. అట్టపై నున్న అంకె ఆ మార్పులన్నిటికి ప్రతినిధి వంటిది.

కాలువగట్టున ఒక తూము తెరచితిమనుకొనుడు. కొంత నీరు పారును. ప్రక్కనే అంతటిదే మరొక తూము తెరచిన రెట్టింపు నీరు పారును, అనగా మొత్తము అడ్డు సగమైనది. రెండు 8 ఓముల కాబినెట్లను ఒకే హెడ్డుకు తగిలించినపుడు జరుగునది ఇదే: మొత్తము 4 ఓములు. మూడవది చేర్చిన 2.67. ఎస్.వి.టి. కాబినెట్టులో ఒక్కొక్క స్పీకరు 32 ఓములది; ఎనిమిదింటిని ఇట్లే ప్రక్కప్రక్కన కలిపిన 4 ఓములు. అట్టి కాబినెట్లు రెండు పెట్టిన 2 ఓములు. అందుకనియే ఆ హెడ్డుమీద 2కు, 4కు వేరువేరు అమరికలు ఉండును.

ట్రాన్సిస్టరు హెడ్డు 40 వోల్టులు ఇచ్చుచున్నదనుకొందము. 8 ఓములలో 5 ఆంపియరులు పారును. శక్తి 200 వాట్లు. 4 ఓములలో 10 ఆంపియరులు, 400 వాట్లు. 2 ఓములలో 20 ఆంపియరులు, 800 వాట్లు. లెక్కలో ఇది లాభసాటి బేరమే. కాని ఆ ప్రవాహమంతయు ట్రాన్సిస్టర్లలో నుండియే పోవలెను. అవి తట్టుకొను హద్దునే హెడ్డు వెనుక ‘కనీసము 4 ఓములు’ అని వ్రాయుదురు. ఆ హద్దు దాటిన హెడ్డు వేడెక్కును; రక్షణ ఏర్పాటున్న తనంతట ఆగిపోవును, లేనిచో కాలును. అడ్డు ఎక్కువైనందువలన ప్రమాదము లేదు, ధ్వని కొంత తగ్గును, అంతే.

వాల్వుల హెడ్డు స్వభావము వేరు. అందులో వాల్వులకు స్పీకరుకు నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండును. దానికి 4, 8, 16 వంటి కొసలుండును. కాబినెట్టు ఎన్ని ఓములో ఆ కొసకే తగిలించవలెను. స్పీకరు లేకుండ మాత్రము వాయించరాదు. శక్తి పోవుటకు దారిలేక ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతముగ పెరిగి దాని చుట్టలనే కాల్చివేయగలదు.

ఇక వాట్లు. కొనువారు మొదట అడుగునది, అంగడివారు మొదట చెప్పునది ఇదే. నా అభిప్రాయములో దీనికి రావలసినదానికంటె ఎక్కువ గౌరవము వచ్చినది. హెడ్డు వాట్లను రెట్టింపు చేసిన పెరుగునది 3 డెసిబెళ్ళే. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచుటకు సుమారు పదింతలు శక్తి కావలెను. 1 వాటుకు 97 డెసిబెళ్ళు ఇచ్చు కాబినెట్టుకు 400 వాట్లు ఇచ్చినను, 100 డెసిబెళ్ళు ఇచ్చు దానికి 200 వాట్లు ఇచ్చినను ఫలితమొక్కటే. ఈ అంకెను అడిగి కొనువారు అరుదు.

కాబినెట్టుమీద వ్రాసిన వాట్లు అది ఎంత వేడిని భరించునో చెప్పును. ఇచ్చిన శక్తిలో ధ్వనిగ మారునది బహు స్వల్పము. తక్కినదంతయు తీగచుట్టలో వేడియే. మంద్రస్వరములలో మరొక హద్దు ముందే ఎదురగును. పౌనఃపున్యము సగమైన, అంతే బలముగల ధ్వనికి స్పీకరు కాగితపు శంకువు నాలుగింతలు ఎక్కువ దూరము కదలవలెను. ఐదవ తంతిని గట్టిగ మీటి, బేస్ మీటను చివరకు త్రిప్పినచో, 300 వాట్ల కాబినెట్టులో 150 వాట్లకే శంకువు హద్దును తాకవచ్చును. టపటపమను శబ్దము వచ్చిన వెంటనే మీట తగ్గించవలెను.

చిన్న హెడ్డు పెద్ద స్పీకరును కాల్చునను మాట వాద్యకారులలో బాగుగ వ్యాపించియున్నది. శక్తి తక్కువగుట వలన ఏ స్పీకరు కాలదు. అయితే హెడ్డును శక్తికి మించి తరిమినపుడు తరంగపు శిఖరములు తెగి బల్లపరుపుగ మారును. అప్పుడది తన అంకెకు రెట్టింపు వరకు శక్తిని పంపగలదు. 300 వాట్ల హెడ్డు 350 వాట్ల కాబినెట్టును ఇట్లు కాల్చవచ్చును. 1000 వాట్ల కాబినెట్టును కాల్చలేదు. తీవ్రస్వరముల చిన్న స్పీకరున్నచో దానికి మాత్రము ఎక్కువ అపాయము.

కొనబోవువానికి ఒక లెక్క. హెడ్డు 4 ఓములకు 500, 8 ఓములకు 300 వాట్లు ఇచ్చునది. కనీసము 4 ఓములు. దీనికి 8 ఓముల, 300 వాట్ల కాబినెట్టు ఒకటి చాలును. తరువాత డబ్బు సమకూడినపుడు అట్టిదే రెండవది చేర్చిన ఒక్కొక్కదానికి 250 వాట్లు చేరును. శంకువుల వైశాల్యము కూడ రెట్టింపగుటచే మంద్రస్వరములలో మొత్తము 5 డెసిబెళ్ళ వరకు లాభము. 1000 వాట్ల హెడ్డు కొనుటకంటె ఇది మేలు. మొదటనే 4 ఓములది కొన్నవానికి ఈ దారి మూసికొనిపోవును. 8, 4 ఓములవి కలిపిన మొత్తము 2.67కు దిగును, పైగా శక్తిలో మూడింట రెండు పాళ్ళు 4 ఓముల పెట్టెకే పోవును.

హెడ్డును కాబినెట్టుకు కలుపు తీగను గూడ చూడవలెను. గిటారు తీగయు, స్పీకరు తీగయు కొన్నిచోట్ల ఒకే రకపు ప్లగ్గుతో ఉండును. గిటారు తీగలోని సన్నని రాగిపోగు 10 ఆంపియరులకు ఉద్దేశించినది కాదు. నేటి హెడ్లపై తిప్పి బిగించు స్పీకాన్ సాకెట్టు ఉన్నచో దానినే వాడవలెను; గిటారు తీగ దానిలో పట్టదు.