మీకు తెలుసా? చేప పొలుసులో మూడు పేటల తాడు

రాత్రి వండిన బొచ్చె పులుసు తెల్లారేసరికి గిన్నెలో గడ్డకట్టడం గోదావరి జిల్లాల వంటిళ్లలో అందరూ చూసిందే. చలికాలమైతే గట్టు మీదే గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో ఫ్రిజ్‌లో. అలా బిగుసుకున్నది నూనె కాదు, చింతపండు గుజ్జూ కాదు. చేప తోలులోనూ ముళ్ల చుట్టూనూ ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పొయ్యి వేడికి విడివడి, జెలటిన్‌గా మారి పులుసులోకి దిగుతుంది. చల్లారాక నీటిని పట్టి ఉంచి గడ్డకడుతుంది. వెచ్చబెడితే మళ్లీ కరుగుతుంది.

మేక కాళ్ల పాయాలో ఇదే జరగాలంటే గంటల తరబడి సన్నసెగ మీద ఉడకాలి. చేపకు పావుగంట చాలు. కొల్లాజెన్ పోగుల మధ్య రసాయన లంకెలు ఉంటాయి. జంతువు వయసు పెరిగేకొద్దీ అవి పెరుగుతాయి, గట్టిపడతాయి. ముదురు మాంసం ఉడకదని ఇంట్లో విసుక్కునేది చాలావరకు ఈ లంకెల వల్లే. చేపలో అవి తక్కువ.

మన ఒంట్లో ఉన్న ప్రోటీన్లన్నిటిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కొల్లాజెనే. చర్మం, ఎముక, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువు, నల్లగుడ్డు మీది పారదర్శకమైన కార్నియా, వీటన్నిటికీ బలం ఇచ్చేది అదే. కోనసీమలో కొబ్బరి పీచును పేటలుగా చేసి, పురి పెట్టి, తాడు పేనుతారు కదా, కొల్లాజెన్ అణువూ అలాంటి మూడు పేటల తాడే. ఒక్కో పేటలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ప్రతి మూడో చోటా గ్లైసీన్ ఉండాల్సిందే. అమైనో ఆమ్లాలన్నిటిలోకి చిన్నది అదే కాబట్టి పురి లోపలి ఇరుకులో పట్టేదీ అదొక్కటే. తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం నానోమీటరున్నర. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు.

ఈ మూడు పేటల సంగతి బయటపడింది మద్రాసులో. 1952లో అక్కడికి వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదని మాటల్లో అన్నారట. మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా ఉన్న జి.ఎన్. రామచంద్రన్ దాన్ని పట్టుకున్నారు. పక్కనే ఉన్న కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువు దొరికింది. దాని మీద ఎక్స్-రే కిరణాలు పంపి, గోపీనాథ్ కర్తాతో కలిసి లెక్కలు కట్టి, 1954లో 'నేచర్' పత్రికలో మూడు పేటల నమూనా ప్రకటించారు. డీఎన్ఏ నిర్మాణం లోకానికి తెలిసిన మరుసటి ఏడాది అది. డీఎన్ఏ కథ బడిపిల్లలందరికీ తెలుసు, మద్రాసు కథ చెప్పేవాళ్లే తక్కువ. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

ఆ తోళ్ల సంస్థను ప్రపంచ స్థాయికి తెచ్చిన డైరెక్టర్ తెలుగువారే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, 1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్‌గా వెళ్లేదాకా ఆ సంస్థను నడిపారు. 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలుడులో కన్నుమూశారు.

తోలు పని మొత్తం కొల్లాజెన్ పనే. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవాళ్లు చేస్తున్నది, చెక్కలోని టానిన్లతో కొల్లాజెన్ పోగులను మరింత బిగించి, నీటిలో నానినా కుళ్లకుండా చేయడం. ఇక మనం చెప్పుకోబోయేది దానికి సరిగ్గా ఎదురు పని: బిగిసి ఉన్నదాన్ని పాడుచేయకుండా విడదీసి, ద్రవంలో కరిగించడం.

కరిగించడమే అయితే ఉడకబెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఉడికితే వచ్చేది జెలటిన్. అంటే పురి విప్పుకుపోయిన పేటలు. చల్లార్చితే అక్కడక్కడా మళ్లీ చుట్టుకుంటాయి గానీ మునుపటి తాడు తిరిగి రాదు. మందు క్యాప్సూళ్లకూ జెల్లీలకూ జెలటిన్ చాలు. కాలిన గాయం మీద పరిచే పొరకో, ప్రయోగశాలలో కణాలు పెంచే మెత్తకో కావాల్సింది పురి విడని అసలు తాడు, అదీ కరిగిన రూపంలో. తోలులో ఈ తాళ్లు ఒకదానితో ఒకటి లంకెపడి ఉంటాయి. లేత తోలులో కొంత భాగం పలచని ఆమ్లంలో కరుగుతుంది, మిగతాది ఎంత నానబెట్టినా రాదు.

ఆ మిగతాదాన్ని విడిపించేది మన కడుపులోనే ఉండే ఎంజైమ్, పెప్సిన్. 1836లో జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ దాన్ని గుర్తించి ఆ పేరు పెట్టారు. పెప్సిన్ ప్రోటీన్లను కోస్తుంది, కానీ కొల్లాజెన్ తాడు నడుము దాని చేతికి చిక్కదు, పురి అంత బిగువు. తాడు రెండు కొసలూ మాత్రం పురి లేకుండా వదులుగా ఉంటాయి. పక్క తాళ్లతో లంకెలు పడేదీ ప్రధానంగా ఆ కొసల దగ్గరే. పెప్సిన్ ఆ కొసలను కత్తిరిస్తుంది. లంకె తెగుతుంది, తాడు చెక్కుచెదరకుండా ఆమ్లంలోకి జారుతుంది. శరీరం పరాయిదని ఎదురు తిరిగే గుణం కూడా చాలావరకు కొసల్లోనే ఉంటుందని అంటారు, కాబట్టి వైద్యానికి ఇది రెండింతల మేలు. ఈ పద్ధతిని 1960లలో జపాన్‌లో నిషిహారా అనే పరిశోధకుడు పేటెంట్ల దాకా తీసుకెళ్లారు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో నడుస్తున్నది దాని దారే.

పని తీరు చూస్తే ఆశ్చర్యం కలిగేది దాని నిదానమే. చేప తోలును పలచని క్షారంలో కడిగి ఇతర ప్రోటీన్లను వదిలిస్తారు. పొలుసైతే దాని మీద ఎముకలో ఉండే కాల్షియం ఖనిజమే ఉంటుంది, ముందు దాన్ని తొలగించాలి. తర్వాత వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంలో, వెనిగర్ కంటే కొంచెం పలచగా, పెప్సిన్ కలిపి, 4 డిగ్రీల చలిలో ఒకటి నుంచి మూడు రోజులు కలియబెడుతూ ఉంచుతారు. ద్రవం చిక్కబడుతుంది. వడగట్టి ఉప్పు వేస్తే కొల్లాజెన్ తెల్లగా విడిపడి తేలుతుంది. ఉప్పు వదిలేలా శుద్ధి చేసి, గడ్డకట్టించి ఆరబెడితే దూదిలా తేలికైన తెల్లని పదార్థం మిగులుతుంది. ఎక్కడా వేడి తగలకూడదు. వేడి తగిలితే మళ్లీ జెలటినే.

మాంసం కూరలో పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. బొప్పాయి పాలలోని పపైన్ కూడా ప్రోటీన్లను కోసే ఎంజైమే. చల్లగా ఉన్నప్పుడు కండ ప్రోటీన్ల మీద పనిచేస్తుంది గానీ కొల్లాజెన్ తాడును పెద్దగా కదిలించలేదు. కూర వేడెక్కి పురి సడలాక కొల్లాజెన్ మీద కూడా దాని పని మొదలవుతుంది. 60, 70 డిగ్రీల్లో కూడా పపైన్ చావకపోవడం వంటకి కలిసొచ్చిన సంగతి. ముక్క ఎక్కువైతే మాంసం పిండిలా అయిపోతుంది. పండిన బొప్పాయికి ఈ బలం ఉండదు.

పురి విడని తాడును నడుము దగ్గరే తెంచగల ఎంజైమ్ కూడా ఉంది. దాన్ని మొదట పట్టుకున్నది తోకకప్పలో. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక కరిగి లోపలికి పోతుంది. ఆ తోకలోని కొల్లాజెన్ అంతా ఏమవుతోందని వెతికి, 1962లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ కొల్లాజినేజ్‌ను కనుగొన్నారు. తొలకరికి మన వరిచేలల్లో ఏటా కోట్ల తోకల్లో జరిగే పని ఇది.

ఇంకో పాత సంగతి. యూరప్‌లో తోళ్లు మెత్తబడటానికి వాటిని కుక్కల పెంటలోనూ పావురాల రెట్టలోనూ నానబెట్టేవారు. అందులో పనిచేస్తున్నది ఎంజైములేనని గ్రహించి, 1907లో జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములను బదులుగా అమ్మకానికి పెట్టారు. ఎంజైమ్ పరిశ్రమకు అది తొలి అడుగుల్లో ఒకటి.

ఇప్పుడు మన చేపల దగ్గరకు వద్దాం. చలి సముద్రాల్లో తిరిగే కాడ్ చేప కొల్లాజెన్ సుమారు 15 డిగ్రీలకే పురి విప్పుకుంటుంది. మనిషి ఒంటి వేడికి అది నిలవదు. చేప ఎంత వెచ్చని నీటిలో బతికితే దాని కొల్లాజెన్ అంత వేడికి ఓర్చుకుంటుంది. శీలావతి, బొచ్చె పొలుసుల నుంచి తీసిన కొల్లాజెన్ సుమారు 36 డిగ్రీల దాకా నిలుస్తుందని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2010లో ప్రకటించారు. భీమవరం, ఆకివీడు, ఉండి చెరువుల్లో మన రైతులు ఎక్కువగా పెంచేవి ఆ రెండు జాతులే. ఎండ మండే చెరువు నీరే ఆ పొలుసుకు విలువ తెచ్చిందన్నమాట.

ఆ పరిశోధనలో మొదటి పేరు ఫాల్గుణి పతిది. తర్వాత ఆయన హైదరాబాద్ ఐఐటీకి వచ్చారు. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థతోనూ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)తోనూ కలిసి మనిషి కార్నియా కణజాలం నుంచి తయారుచేసిన ముద్రణ సిరాతో కృత్రిమ కార్నియాను త్రీడీ పద్ధతిలో ముద్రించి, కుందేలు కంటిలో అమర్చినట్టు 2022 ఆగస్టులో ప్రకటించారు. కార్నియాలో నీరు పోగా మిగిలేదాంట్లో పెద్ద వాటా కొల్లాజెన్‌దే. కణజాలాన్ని ఇలాంటి సిరాలుగా కరిగించేటప్పుడు పరిశోధకులు మామూలుగా వాడేదీ పెప్సినే.

బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో వైద్యులు ఏమీ కరిగించకుండా, శుద్ధి చేసిన తిలాపియా చర్మాన్నే కాలిన గాయాల మీద కట్టుగా వేసి చూశారు. అది గాయాన్ని అంటిపెట్టుకుని ఉండటం వల్ల కట్లు మార్చే బాధ తగ్గింది. మన చెరువుల్లో తిలాపియాను కలుపు చేపలా చూస్తారు.

ఇంత చేప పండే చోట కొల్లాజెన్ ఎందుకు పెద్దగా తయారు కావడం లేదు? దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. కానీ మన చేప ఐసులో సర్దుకుని, లారీ ఎక్కి, పొలుసుతో సహా బెంగాల్‌కూ అస్సాంకూ వెళుతుంది. కోయడం అక్కడి బజారులో, ఇంటింటికీ విడివిడిగా. పొలుసూ తోలూ ఒక్కచోట పోగుపడవు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టా మనలాంటి నేలే. అక్కడ పంగాసియస్ చేపను ఫ్యాక్టరీలోనే ముల్లు తీసి, ముక్కలు చేసి ఎగుమతి చేస్తారు కాబట్టి తోలంతా అక్కడే మిగులుతుంది, తాజాగా, చల్లగా. విన్ హోన్ అనే చేపల కంపెనీ ఆ తోలుతో కొల్లాజెన్, జెలటిన్ ఫ్యాక్టరీయే నడుపుతోంది. అదే పంగాసియస్ మన పశ్చిమ గోదావరిలోనూ పెరుగుతోంది. ఇక్కడ కొరత ఎంజైముది కాదు, చేపను ఇక్కడే కోసే ఏర్పాటుది. రాజమండ్రి చేపల బజారులో సాయంత్రానికి పోగయ్యే పొలుసు ఎండలో కుళ్లక ముందే ఐసు పెట్టెలోకి చేరితే, మొదలుపెట్టడానికి అది చాలు. పెద్ద ఫ్యాక్టరీ వచ్చేదాకా ఆగక్కర్లేదని నా నమ్మకం.

రొయ్యల పొట్టులో కొల్లాజెన్ వెతక్కండి. అందులో ఉండేది కైటిన్, అది ప్రోటీనే కాదు. దాని పరిశ్రమ వేరు.

మందుల షాపుల్లో డబ్బాల్లో దొరికే కొల్లాజెన్ పొడి మనం చెప్పుకున్న తాడు కాదు. వేడితో పురి విప్పి, ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా కోసిన పెప్టైడ్లు అవి. అసలు అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు, ఆ ముక్కలవి రెండు నుంచి ఐదు వేలు. అందుకే చన్నీటిలో కూడా ఇట్టే కలిసిపోతాయి. తాగిన కొల్లాజెన్ నేరుగా వెళ్లి ముఖం మీది ముడతలో కూర్చోదు. కడుపు దాన్ని మరింత చిన్నగా కోసి, అమైనో ఆమ్లాలుగా, కొద్దిపాటి చిరు ముక్కలుగా రక్తంలోకి పంపుతుంది. చర్మానికి మేలని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఖర్చు పెట్టింది అమ్మేవాళ్లే. ఒళ్లు తన కొల్లాజెన్‌ను తాను పేనుకోవడానికి విటమిన్ సి తప్పనిసరి. ఉసిరికాయలో, జామకాయలో అది దండిగా ఉంది, వాటి ఖరీదు మీకు తెలిసిందే.

చివరగా ఒక వింత. శీలావతికీ బొచ్చెకూ అసలు జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, కాబట్టి వాటిలో పెప్సిన్ ఉండదు. చేప నుంచే పెప్సిన్ తీయాలంటే పండుగొప్ప, కొర్రమీను, వాలుగ లాంటి వేట చేపల పొట్టలు కావాలి. బజారులో పారేసే పేగుల కుప్పలో అవీ ఉంటాయి. ఇప్పుడు అమ్మకంలో ఉన్న పెప్సిన్ ఎక్కువగా పంది పొట్ట నుంచి తీసింది. పందిదీ పశువుదీ వద్దనుకుని చేప కొల్లాజెన్ కోరుకునేవాళ్లు, అది పెప్సిన్‌తో తీసిన సరుకైతే, ఆ ఎంజైమ్ ఎక్కడిదో అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి.