కదిలితేనే దీపం

18వ శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి ఒక వింత రాయిని ఐరోపాకు పట్టుకెళ్లారు. వేడి చేస్తే చాలు, అది బూడిదను తన మీదికి లాక్కునేది. జనం దానికి బూడిద లాగే రాయి అని పేరు పెట్టి వినోదించారు. అది టూర్మలీన్. వేడి మారినప్పుడు దాని కొసల్లో విద్యుదావేశం పుడుతుంది. 1824లో స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టాడు.

వేడి 'ఉన్నప్పుడు' కాదు, 'మారినప్పుడు'. మెట్ల దగ్గరా బాత్‌రూముల్లోనూ మనిషి రాగానే లైటు వేసే పీఐఆర్ సెన్సర్ మంచీ చెడూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మన ఒళ్లు ఎప్పుడూ పరారుణ కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. సెన్సర్లో పైరోఎలక్ట్రిక్ గుణమున్న రెండు బిళ్లలను ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేసేలా కలుపుతారు. గదంతా ఒకేసారి వేడెక్కితే లెక్క సున్నా. మనిషి నడిస్తే ముందు ఒక బిళ్లకు, తర్వాత రెండోదానికి సెగ తగులుతుంది. ఆ తేడాయే సంకేతం. పైనున్న తెల్లటి బుడిపె దుమ్ము మూత అనుకుంటాం గానీ, లైట్‌హౌస్‌ల కోసం శాస్త్రవేత్త ఫ్రెనెల్ తయారుచేసిన కటకానికి అది మనవడి వరస. గదిని ముక్కలుగా విడగొట్టి బిళ్లలకు చూపించేది అదే. గోడ మీది బల్లి వేడి దాదాపు గోడ వేడే కనుక సెన్సర్ దాన్ని లెక్కచేయదు. పిల్లికి మాత్రం లైటు వేసేస్తుంది.

పట్టపగలు లైటు వెలగకుండా, వెలుతురును బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్ కాపలా కాస్తుంది. సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల పరీక్షలో విల్లోబీ స్మిత్ వాడిన సెలీనియం కడ్డీల నిరోధం వెలుతురు పడితే తగ్గిపోయేది. 1873లో ఆయన బయటపెట్టిన ఆ సంగతే ఎల్‌డీఆర్‌కు మూలం. కొత్తగా సర్క్యూట్ కట్టేవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. లైటు వెలగగానే ఆ వెలుగు చూసి ఎల్‌డీఆర్ తెల్లారిందనుకుంటుంది, ఆర్పేస్తుంది. చీకటి పడిందని మళ్లీ వేస్తుంది. ఇక మిణుకుమిణుకే. అందుకే ఒకసారి వెలిగాక గడువు తీరేదాకా దాని మాట వినకుండా సర్క్యూట్ కట్టాలి.

ఆ గడువు ఎంతుండాలన్నదే అసలు తలనొప్పి. చవక మాడ్యూళ్లలో చిన్న స్క్రూ తిప్పి 3 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. తక్కువ పెడితే కదలకుండా పేపరు చదివేవాడు చీకట్లో చేతులూపాలి. ఎక్కువ పెడితే ఖాళీ గదికి కరెంటు ఖర్చు. పైగా మన మే నెల మధ్యాహ్నం గోడలు ఒంటితో సమానంగా కాగినప్పుడు, నడిచే మనిషి కూడా సెన్సర్‌కు సరిగా ఆనడు.

ఈ చిక్కులు తీర్చేందుకు, ఊపిరికి ఛాతీలో కలిగే కాస్త కదలికనూ పట్టే మిల్లీమీటర్ తరంగాల రాడార్ సెన్సర్లు ఇప్పుడొచ్చాయి. వాటిలో కొన్ని, పలచటి గోడ అవతల తిరిగే ఫ్యానును కూడా మనిషే అనుకుంటాయి.