మడి గట్టే సాక్ష్యం

వానలు పడితే చాలు, శని ఆదివారాల్లో విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు కార్లతో నిండిపోతుంది. మబ్బు దిగిన కొండలు, మెట్లు మెట్లుగా పచ్చని వరిమళ్లు చూసి పట్నవాసులు మురిసిపోతారు. ఫొటోలు తీసుకుంటారు. చూడొద్దని ఎవరంటారు? కాని ఆ మెట్లను కట్టిందెవరో, ఆ నేల ఎవరి పేరున ఉందో అడిగేవాళ్లు తక్కువ.

మొన్న శ్రావణంలో రెండు రోజులు మేమూ ఆ కొండలెక్కాము. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో తారురోడ్డు దిగి, రెండు గెడ్డలు దాటి, జారే బాటలో రెండు గంటలు నడిస్తే ఒక గూడెం వచ్చింది. ఇరవై గడప ఉంటుంది. ఆడవాళ్లు నెత్తిన గిడుగులు పెట్టుకుని, మోకాటి లోతు బురదలో నాట్లు వేస్తున్నారు.

ఈ మళ్లకు కాలువ లేదు, మోటారు లేదు. కొండ ఊట గెడ్డలో కలిసే చోట చిన్న అడ్డుకట్ట వేసి నీళ్లు మళ్లించారు. పై మడి నిండితే మడవ గుండా కింది మడిలోకి దిగుతాయి. అక్కడి నుంచి ఇంకా కిందికి. పైవాడు మడవ మూస్తే కిందివాడికి పంట లేదు. పైవాడి గట్టు తెగితే కిందివాడి నాటు కొట్టుకుపోతుంది. అందుకే ఇక్కడ ఎవరి మడి వాళ్లదే అయినా నీళ్లు అందరివీ.

శనివారం రాత్రంతా వాన దంచికొట్టింది. తెల్లారేసరికి పై నుంచి మూడో మడి గట్టుకు గండి పడింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పలుగు పార పట్టుకుని గూడెమంతా కదిలింది. కర్రలు పాతి, రాళ్లు పేర్చి, గడ్డితో సహా మట్టిపెళ్లలు కోసి తెచ్చి అదిమారు. మధ్యాహ్నానికి గట్టు నిలబడింది. కూలి డబ్బుల మాట లేదు. ఈవేళ నీ మడి, రేపు నా మడి.

ఆ గట్టు మీదే కూర్చుని మాట్లాడుకున్నాం. నలభై ఏళ్ల రైతొకాయన చెప్పాడు: "ఈ కింద మడులకి మా తాత పేరున పట్టా ఉంది. పై నాలుగు మడులూ అడవంట. మా అయ్య రాళ్లు మోసి కట్టినాడు. అడవే గట్టు కట్టుకుందా?" ఆయన హక్కుపత్రం కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఉపగ్రహం తీసిన ఫొటోలో అక్కడ సాగు కనబడలేదని నోటిమాటగా చెప్పి పంపేశారు. కాగితం ఇవ్వలేదు.

మిత్రులారా, ఇక్కడే మనం చట్టం చదవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్న గిరిజనుడికి, వాస్తవంగా సాగులో ఉన్న మేరకు, 4 హెక్టార్ల దాకా హక్కు ఉంది. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. సాక్ష్యంగా ఏవి పనికొస్తాయో నిబంధనల్లోనే రాశారు. నేల చదును చేయడం, గట్టు వేయడం, అడ్డుకట్ట కట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దరఖాస్తుదారు కాని పెద్దవాళ్ల వాంగ్మూలం రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఒకటికి మించి సాక్ష్యాలుండాలి. గట్టు ఒకటి, ముసలాయన మాట రెండు!

2012లో సవరించిన నిబంధనలు ఇంకో మాట చెబుతున్నాయి. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలోకి రాకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. దాని మీద పై కమిటీకి 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటతో పంపేస్తున్నారంటే ఆ అప్పీలు దారినే మూసేస్తున్నారన్నమాట.

మడికి పట్టా వస్తే పని అయిపోయినట్టేనా? నాటు వేస్తున్న ఒక ముసలమ్మ నడుం నిలబెట్టి అంది: "కొండ పచ్చగుంటేనే మడిలో నీళ్లు బాబూ. కొండ బోడైతే వానకి మట్టి దిగిపోద్ది, ఎండకి ఊట ఎండిపోద్ది. మడిచ్చి కొండ ఇవ్వమంటే ఎలాగ?" ఆమె చదువుకోలేదు. కాని ఆమె అడిగింది చట్టంలో ఉంది. గ్రామం తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడుకునే, పెంచుకునే సామూహిక హక్కు అది. ఒక్కొక్కరి దరఖాస్తులతోనే సరిపెట్టుకుని ఈ హక్కును వదిలేస్తే, రేపు కొండ మీద ఎవరో హోటలు కడితే ఊట ఎవరిని అడుగుతుంది? ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని 1/70 చట్టం చెబుతున్నా, బినామీ పేర్లతో భూములు చేతులు మారడం మనకు కొత్త కాదు.

రోడ్డు సంగతీ ఇంతే. వానాకాలం నొప్పులొచ్చిన తల్లిని డోలీలో మోయాల్సిందే. అడవి శాఖ ఒప్పుకోదు, రోడ్డు రాదు అన్న జవాబు విని విని గూడెం విసిగిపోయింది. అదే 2006 చట్టం ప్రకారం, గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక్కో పనికి హెక్టారు లోపు అడవి భూమిని రోడ్డుకు, బడికి, ఆసుపత్రికి ఇవ్వవచ్చు. ఎకరాకు ముప్పై చెట్లు, అంటే హెక్టారుకు 75 మించి కొట్టకూడదు, అంతే.

ఇదంతా కొండమీది వాళ్ల గొడవ అనుకునే మైదానం కూలన్నలకు ఒక మాట. ఈ అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నదే తాటిపూడి జలాశయాన్ని నింపుతోంది. అక్కడి నుంచే విశాఖపట్నానికి తాగునీళ్లు వస్తున్నాయి. కొండను నిలబెట్టేవాడు నిలబడితేనే కింద మన గొంతు తడుస్తుంది.

కార్యకర్తలు ఈ వానలు వెలిసేలోగా గూడెం గూడేనికీ వెళ్లాలి. గ్రామసభ, అటవీ హక్కుల కమిటీ పెట్టించాలి. ప్రతి మడి గట్టూ కొలిచి రాయాలి. పెద్దల మాటలు రాతలో పెట్టాలి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం కాగితం మీద ఇమ్మని పదిమందీ కలిసి అడగాలి.