న్యాయకథల పోటీ: కోర్టు రికార్డులోకి చేరని మాట

కీలకపదాలు: న్యాయకథ, సాక్ష్యం, వాంగ్మూలం, పాత్రపోషణ, రావిశాస్త్రి.

1. ఉపోద్ఘాతం:

చట్టం, న్యాయవాదుల జీవితం ఇతివృత్తంగా గల కథను ఈ వ్యాసంలో ‘న్యాయకథ’గా వ్యవహరిస్తున్నాం. ఇటువంటి కథలకు ప్రత్యేకంగా పోటీలు జరిగాయి. అమెరికన్ బార్ అసోసియేషన్ పత్రిక నిర్వహించిన రాస్ కథల పోటీ అందుకు ఉదాహరణ. 5,000 పదాలకు మించని కథలను ఆహ్వానించిన ఆ పోటీలో సృజనాత్మకత, ఇతివృత్తనిర్వహణ, న్యాయదృష్టి, పాత్రపోషణ గీటురాళ్లు. వీటిలో మూడు ఏ కథకైనా వర్తిస్తాయి. న్యాయకథను వేరుచేసేది న్యాయదృష్టి. తెలుగులో ఇటువంటి పోటీకి కథ రాసేవారికి అది ఎలా అలవడుతుందో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. చట్టజ్ఞానం – కథావసరం:

చట్టం విషయంలో పొరపాటు జరిగితే కథ విశ్వసనీయత దెబ్బతింటుంది. భారతదేశంలో జ్యూరీ విధానానికి 1973 నాటి నేర విచారణ స్మృతిలో చోటు లేదు. కనుక నేటి తెలుగు కథలో జ్యూరీ కనిపించరాదు. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యకు భారత శిక్షాస్మృతి వర్తిస్తుంది. ఆ తేదీ నుంచి జరిగిన దానికి భారతీయ న్యాయసంహిత వర్తిస్తుంది.

అయితే సెక్షన్లను ఏకరువు పెట్టడం న్యాయదృష్టి అనిపించుకోదు. పోలీసుల ఎదుట ముద్దాయి నేరం ఒప్పుకోవడంతో ముగిసే కథలు అనేకం. భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పుకోలు అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. కస్టడీలో అతను చెప్పిన మాటవల్ల ఏదైనా విషయం బయటపడితే, దానికి స్పష్టంగా సంబంధించిన భాగం మాత్రమే రుజువుకు వస్తుంది. కథ ముగిసిందనుకున్న చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది: ఆ కత్తి నిజంగా అక్కడే దొరికిందా?

3. రికార్డు – కథ:

సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని సాధారణంగా కథనరూపంలో నమోదు చేస్తారు. ప్రశ్న తొలగిపోయి జవాబు ఒక వాక్యంగా మిగులుతుంది. ఒక ఊహాసన్నివేశాన్ని పరిశీలిద్దాం. “ఆ రాత్రి దీపం ఉందా?” అని ప్లీడరు అడిగాడు. సాక్షి తలవంచుకుని, కాసేపాగి, “ఉన్నట్టే ఉంది బాబూ” అన్నది. రికార్డులో “ఆ రాత్రి దీపం వెలుగుతూ ఉన్నది” అని చేరింది. ‘ఉన్నట్టే’లోని సందేహం, ‘బాబూ’లోని బెరుకు రెండూ జారిపోయాయి. చీకటిలో ముద్దాయిని గుర్తుపట్టిన సాక్ష్యమంతా ఆ దీపంపైనే ఆధారపడితే, జారిపోయిన ఆ ఒక్క మాట ఒక మనిషి స్వేచ్ఛతో సమానం. సాక్షి తీరుతెన్నులను న్యాయమూర్తి నమోదు చేయవచ్చు. కాని తనకు ముఖ్యమని తోచినంతమేరకే. మిగిలినదాన్ని పట్టుకోవడం కథకుని బాధ్యత.

4. రావిశాస్త్రి మార్గం:

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఇందుకు నిదర్శనం. మద్యనిషేధ చట్టం అమలైన తీరును ఆయన చట్టపాఠంగా చెప్పలేదు. కేసుల్లో చిక్కిన పేదల నోట, వారి మాండలికంలోనే, వినిపించారు. కోర్టు భాషలో ఇమడని ఆ మాటలే ‘మాయ’ వంటి కథలకు జీవం. ఇక్కడ న్యాయదృష్టి పాత్రపోషణలో కలిసిపోయింది.

5. ముగింపు:

పోటీకి కథ పంపేవారు మొత్తం విచారణను చిత్రించనవసరం లేదు. ఒక వాయిదా, ఒక జవాబు, అందులో తప్పిపోయిన ఒక మాట చాలు. రచయిత స్వయంగా న్యాయవాది అయితే మరో జాగ్రత్త అవసరం. కక్షిదారు విశ్వసించి చెప్పిన విషయాన్ని వెల్లడించకూడదన్న బాధ్యత కేసు ముగిసినా తొలగదు; పేరు మార్చినంతమాత్రాన అది నెరవేరదు. తీర్పు ఎవరు గెలిచారో చెబుతుంది. బోనులో నిలబడిన మనిషి చెప్పదలచి చెప్పలేకపోయినదాన్ని చెప్పినప్పుడే అది న్యాయకథ అవుతుంది.