స్టిరాయిడ్ కంటి చుక్కలు: మేలు ఎంతో, జాగ్రత్త అంత

ప్రొద్దుటూరులోగానీ, జమ్మలమడుగులోగానీ, పులివెందులలోగానీ చాలా ఇళ్లలో అల్మారా తెరిస్తే సగం వాడిన కంటి చుక్కల సీసా ఒకటి కనబడుతుంది. దాదీకి శుక్లం ఆపరేషన్ జరిగినప్పుడు డాక్టరు రాసిచ్చిన మందు అది. కొన్ని నెలల తర్వాత మనవడి కళ్లు ఎర్రబడి దురద పెడితే ఇంట్లో ఎవరో ఒకరు ఆ సీసానే వెతికి తీస్తారు. రెండు చుక్కలు పడగానే దురద తగ్గుతుంది, మరునాటికి ఎరుపు పోతుంది. ‘మంచి మందు’ అన్న పేరు ఇంట్లో స్థిరపడిపోతుంది. మళ్లీ ఎవరి కన్ను ఎర్రబడినా అదే సీసా. అది ఖాళీ అయితే దాన్నే మెడికల్ షాపులో చూపించి కొత్తది తెచ్చుకోవడం.

ఆ సీసాలో ఉన్నది స్టిరాయిడ్ అయితే, ప్రేమతో వేసిన ఆ చుక్కే బిడ్డ చూపుకు ముప్పు తేగలదు. అదే మందును డాక్టరు చెప్పిన రీతిలో, చెప్పినన్నాళ్లు వాడితే చూపును కాపాడుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ప్రతి కుటుంబానికీ తెలియాలన్నదే మా ఉద్దేశం. చూపు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకునే విధానం తెలుసుకోవడం మన బాధ్యత.

మందు చేసే పని

స్టిరాయిడ్ అనగానే కొందరికి కండలు పెంచేందుకు వాడే మందులు గుర్తుకు వస్తాయి. కంటికి వాడేది ఆ కోవకు చెందదు. మన మూత్రపిండాల పైభాగాన ఉండే గ్రంథులు సహజంగానే ఒక హార్మోనును తయారు చేస్తాయి. దాన్ని పోలిన మందు ఇది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక మహిళకు కార్టిసోన్ ఇచ్చినప్పుడు కనిపించిన మార్పు వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. 1950లో ఆయనకూ, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమతి లభించింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఈ మందులు కంటి వైద్యంలోకీ వచ్చాయి.

స్టిరాయిడ్ వాపును అణచివేస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత కంటిలోపల వచ్చే వాపుకు, కంటిపాప చుట్టూ ఉండే పొర వాచే జబ్బుకు, కార్నియా మార్పిడి తర్వాత శరీరం కొత్త కార్నియాను తిరస్కరించకుండా ఉండటానికి ఇది ఎంతో అవసరం. అలాంటి రోగికి ‘స్టిరాయిడ్ అట, వాడకు’ అని భయపెట్టడం కూడా చూపుకు హాని చేయడమే.

అయితే వాపు తగ్గించడం వేరు, జబ్బుకు మూలమైన క్రిమిని చంపడం వేరు. స్టిరాయిడ్ రెండో పని చేయదు. పైగా క్రిమితో పోరాడే శరీరశక్తినే మందగింపజేస్తుంది. ఎరుపు పోయి, నొప్పి తగ్గి, కన్ను తేటగా కనిపిస్తున్న సమయంలోనే లోపల పుండు పెరుగుతూ ఉండవచ్చు. ఉపశమనాన్ని చూసి స్వస్థత అనుకోవడమే ఈ మందు విషయంలో మనం చేసే పెద్ద పొరపాటు.

మన ప్రాంతంలో మూడు సందర్భాలు

మొదటిది, పొలంలో తగిలిన దెబ్బ. పులివెందుల వైపు అరటి, చీనీ తోటల్లో పనిచేసేటప్పుడు ఎండుటాకో ముల్లో కంటికి తగులుతుంది. జమ్మలమడుగు నల్లరేగడి పొలాల్లో శనగ నూర్చేటప్పుడు పొట్టు కంట్లో పడుతుంది. మొక్కల వల్ల కలిగే ఇలాంటి గాయం నుంచే నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పుడుతుంది. దక్షిణ భారతంలో వ్యవసాయ పనులు చేసేవారిలో ఇది తరచుగా కనిపించే జబ్బు. దానిమీద స్టిరాయిడ్ చుక్క పడితే ఫంగస్‌కు అడ్డు తొలగినట్లే. ఒకటి రెండు రోజులు హాయిగా అనిపించినా పుండు లోతుకు దిగుతుంది. పొలంలో కంటికి దెబ్బ తగిలినప్పుడు శుభ్రమైన నీటితో కడిగి, ఏ చుక్కలూ వేయకుండా అదే రోజు నేత్రవైద్యునికి చూపించాలి. హెర్పిస్ అనే వైరస్ వల్ల నల్లగుడ్డు మీద వచ్చే పుండు కూడా స్టిరాయిడ్ ఒక్కటే వేస్తే ముదిరిపోతుంది.

రెండవది, పిల్లల దురద. ఎండ, దుమ్ము ఎక్కువగా ఉండే మన కడప జిల్లా వంటి వేడి ప్రాంతాల్లో వేసవి రాగానే కొందరు పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కళ్లు నలుపుకుంటూ ఉంటారు. తీగలాంటి పుసి వస్తుంది. ఇది ఒక రకమైన అలెర్జీ. సాధారణంగా యౌవనం వచ్చేసరికి తగ్గిపోతుంది. కానీ ప్రతి వేసవిలోనూ తిరిగి వస్తుంది కనుక ఏళ్ల తరబడి అదే సీసా కొని వేస్తూ పోయే తల్లిదండ్రులున్నారు. తనంతట తాను తగ్గిపోయే జబ్బుకు వేసిన మందు వల్ల పిల్లలు శాశ్వతంగా చూపు కోల్పోయిన సంఘటనలను మన దేశపు నేత్రవైద్యులు నమోదు చేశారు. ఇంతకన్నా బాధాకరమైనది ఏముంటుంది?

మూడవది, కళ్లకలక. 2023 వర్షాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది ఎంతగా వ్యాపించిందో మనకు గుర్తే. వైరస్ వల్ల వచ్చే కళ్లకలక చాలామందిలో ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పరిశుభ్రత, విశ్రాంతి చాలు. సొంతంగా స్టిరాయిడ్ వేసుకుంటే జబ్బు ఇంకా ఎక్కువ రోజులు సాగవచ్చు.

నొప్పి లేకుండా పోయే చూపు

మన కంటిలో ఒక నీరు నిరంతరం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. స్టిరాయిడ్ వారాల తరబడి వాడితే కొందరిలో ఆ నీరు బయటికి పోయే దారి మందగిస్తుంది. అప్పుడు కంటి ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పెరిగిన ఒత్తిడి చూపునరాన్ని నలిపివేస్తుంది. దీన్నే గ్లకోమా అంటారు, మన పెద్దలు నీటికాసులు అనేవారు. 1960లలో బెర్నార్డ్ బెకర్, మన్సూర్ ఆర్మలీ అనే వైద్యులు అమెరికాలో దీన్ని పరిశీలించారు. కొన్ని వారాల పాటు స్టిరాయిడ్ చుక్కలు వాడినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఒత్తిడి ఓ మోస్తరుగానూ, నూటికి దాదాపు అయిదుగురికి చాలా ఎక్కువగానూ పెరిగినట్లు వారి పరిశీలనల్లో తేలింది.

ఈ ఒత్తిడి పెరుగుతున్నట్లు రోగికి తెలియదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి మెల్లగా కుంచించుకుపోతుంది. మందు ఆపితే చాలామందిలో ఒత్తిడి తిరిగి దిగవచ్చుగానీ పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు, ఎక్కువ పవర్ మైనస్ అద్దాలు వాడేవారు, పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి. దీర్ఘకాలం వాడితే చిన్న వయసులోనే శుక్లం కూడా రావచ్చు.

కనుక డాక్టరు ఈ చుక్కలు రాసినప్పుడు మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. ఇందులో స్టిరాయిడ్ ఉన్నదా? ఎన్ని రోజులు వాడాలి? కంటి ఒత్తిడి ఎప్పుడు చూపించుకోవాలి? కన్ను బాగానే ఉన్నదని మలి పరీక్షకు వెళ్లకపోవడం తగదు. ఆ పరీక్ష జరిపేది ముఖ్యంగా పైకి కనిపించని ఒత్తిడి కోసమే.

సీసా మీద పేరు చదవండి

డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లూప్రెడ్నేట్ - వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టిరాయిడే. చాలా సీసాల్లో యాంటీబయాటిక్‌తో పాటు ఇది కలిసి ఉంటుంది. ‘యాంటీబయాటిక్ చుక్కలే కదా’ అని వేసుకునేవారు మోసపోయేది ఇక్కడే. ఇవన్నీ షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ లేకుండా అమ్మరాదని చట్టం చెబుతోంది. మెడికల్ షాపు అన్న మనకు ఎంత తెలిసినవాడైనా చీటీ లేకుండా అడగకపోవడం మన ధర్మం.

వేసుకునే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ప్రెడ్నిసొలోన్ వంటి కొన్ని సీసాల్లో మందు అడుగున పేరుకుంటుంది. వాటిని బాగా కుదపకపోతే కంట్లో పడేది దాదాపు ఉత్త నీరే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కొద్దిగా లాగి, ఏర్పడిన గుంటలో ఒక్క చుక్క వేయాలి. కన్ను అంతకంటే పట్టదు, రెండో చుక్క చెంప మీదికి కారిపోతుంది. సీసా మూతి కంటికిగానీ, రెప్పకుగానీ, వేలికిగానీ తగలరాదు. తర్వాత కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచాలి. దీనివల్ల మందు గొంతులోకి జారిపోవడం తగ్గుతుంది. మరో చుక్కల మందు కూడా ఉంటే కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంట్ అన్నిటికన్నా చివర.

ఈ మందును చాలాసార్లు మెట్లు దిగినట్లు తగ్గించుకుంటూ వస్తారు. మొదట రోజుకు ఆరుసార్లు, తర్వాత నాలుగుసార్లు, ఆపై రెండుసార్లు - ఇలా డాక్టరు రాసిన లెక్కను గోడ మీద అంటించుకుంటే మంచిది. కన్ను బాగుందని మధ్యలో హఠాత్తుగా ఆపితే అణిగిన వాపు తిరగబెట్టవచ్చు. రోజుకు నాలుగుసార్లు వేయవలసిన పెద్దలకు నమాజ్ వేళలే చక్కని గుర్తు: ఫజ్ర్, జుహ్ర్, అస్ర్, ఇషా. సీసా మూత తీసిన తేదీని దానిమీద రాసిపెట్టి, నెల దాటగానే పారవేయాలి.

రమజాన్‌లో ఏం చేయాలి?

రోజా భంగమవుతుందన్న భయంతో కొందరు పగలంతా చుక్కలు మానేస్తారు. ఆపరేషన్ అయిన కంటికి అది ప్రమాదం. జిద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో తన పదవ సమావేశంలో, గొంతులోకి వచ్చినదాన్ని మింగకుండా ఉన్నంతవరకు కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. హనఫీ ఫిఖ్‌లోనూ కంటిలో మందు వేసినంత మాత్రాన రోజా పోదన్నదే అభిప్రాయం. పైన చెప్పినట్లు కంటి మూలను అదిమిపెడితే మనసుకు మరింత నిశ్చింత. ఇంకా సందేహముంటే మీ మస్జిద్ ఇమామ్ గారిని అడగండి, చుక్కలు మాత్రం మానకండి. చికిత్స సాగినన్నాళ్లు సుర్మా పెట్టుకోవద్దు. ఆపరేషన్ తర్వాత కంటికి నీరు తగలకుండా ఎన్నాళ్లు ఉండాలో డాక్టరును, ఆ రోజుల్లో వుజూ ఎలాగో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఈ రోజే చేయవలసిన పని

ప్రతి రోగానికీ మందు ఉన్నదనీ, చికిత్స చేయించుకోమనీ దైవప్రవక్త (స) బోధించారు. వైద్యం తెలియకుండానే వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని కూడా ఆయన హెచ్చరించారు. మన సీసాను పక్కింటి బిడ్డకు ఇచ్చే ముందు ఈ రెండో మాటను తలచుకోవాలి.

ఈ సంచికను పక్కన పెట్టగానే అల్మారా తెరవండి. పాత చుక్కల సీసాలను పారవేయండి. ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఇలాంటి చుక్కలు వాడుతున్నట్లయితే హఠాత్తుగా ఆపవద్దు. సీసా వెంట తీసుకుని నేత్రవైద్యుని వద్దకు వెళ్లి కంటి ఒత్తిడి చూపించుకోండి. దగ్గరలో నేత్రవైద్యుడు లేకపోతే ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో వెళ్లండి. నొప్పి పెరగడం, చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడటం - వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగవద్దు.

అల్లాహ్ మనందరి చూపును కాపాడుగాక. ఆ అమానత్‌ను జాగ్రత్తగా చూసుకునే వివేకాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.