వెలుతురుతో శరీరంలోని ఖర్చు లెక్క

2021లో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు మన పల్లెల్లో చాలా ఇళ్ళకు వేలికి తగిలించే ఆక్సీమీటరు వచ్చినది. అది ఎర్రని వెలుతురును, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలిగుండా పంపి, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ప్రాణవాయువును మోస్తున్నదో చూపుతుంది. అయితే సభ్యులు ఒకటి గమనించాలి. అది జమ మాత్రమే. శరీరం ఎంత ఖర్చు పెట్టినదీ ఆ అంకెలో లేదు.

ఖర్చు తెలిసేదెట్లా? మన బల్క్ కూలరునే తీసుకోండి. ఒక ప్రక్క పాలు పడుతూ, మరొక ప్రక్క ట్యాంకరులోకి పోతూ ఉంటే, మట్టం చూసి ఎంత పోయినదో చెప్పలేము. రాక ఆపివేస్తే మట్టం దిగే వేగమే పోక. కండరం విషయంలో చేసేదీ అదే. రక్తపోటు చూసే పట్టీని చేతికి బిగించి, కొద్ది నిమిషాలు రక్తం రాకుండా ఆపుతారు. ముంజేతి చర్మం మీదుగా పరారుణ కాంతి పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి లోపల ప్రాణవాయువు ఎంత త్వరగా తరిగినదో కొలుస్తారు. సూది లేదు, కోత లేదు. ఈ కాంతితో మెదడులోని ప్రాణవాయువును కూడ పైనుంచే గమనించవచ్చునని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన యోబ్సిస్ 1977లో చూపారు. చర్మం క్రింద కొవ్వు దళసరిగా ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది. మనకు వెన్న పెరిగితే ధర, ఈ యంత్రానికి కొవ్వు పెరిగితే చిక్కు!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేగారితో కలిసి 1927లో కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. వారు చూసినదీ రంగే. నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫరసు లెక్క కట్టారు. కాని అందుకు కండరాన్ని జంతువు నుండి కోసి తీయవలసి వచ్చేది.

కణం తానే ఇచ్చే వెలుతురు మరొకటి ఉన్నది. పాలు విరిచి వడగట్టినప్పుడు దిగే తేటకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది గదా, అది రైబోఫ్లేవిన్, అనగా బి-2 విటమిన్. (ఎండ తగిలితే నశించేదీ ఇదే, పాలకు మూత ఉంచండి.) దీనితో తయారైన పదార్థం జీవకణాలలో ఉండి, ఆహారం నుంచి శక్తి తీసే పనిలో తోడ్పడుతుంది. నీలికాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని తోటిదైన ఎన్.ఏ.డి.హెచ్. అతినీలలోహిత కిరణాలకు నీలంగా మెరుస్తుంది. ప్రాణవాయువు చాలకపోతే నీలం హెచ్చి, ఆకుపచ్చ తగ్గుతుంది. బ్రిటన్ ఛాన్స్, ఆయన సహచరులు 1962లో మత్తిచ్చిన ఎలుకల మెదడు, మూత్రపిండాలపై ఈ నీలి మెరుపును కొలిచి ప్రకటించారు. అయితే ఆ కిరణాలు మిల్లీమీటరు లోతుకైనా సరిగా పోవు, దారిలో రక్తమే చాలావరకు మింగివేస్తుంది. అందుచేత లోపలి అవయవాలను ఈ పద్ధతిలో చూడాలంటే, శస్త్రచికిత్స సమయంలో అవి బయటపడినప్పుడో, సన్నని గాజు తీగ లోపలికి పంపినప్పుడో మాత్రమే వీలవుతుంది.