విదేశమునకు పోవువారు - బ్యాంకు ఖాతా

శ్రీకాకుళం, విశాఖపట్టణం జిల్లాల తీర గ్రామములలో బర్మా సంగతి ఎరిగిన వృద్ధులు ఇప్పటికిని ఒకరిద్దరు కనిపింతురు. రంగూన్ రేవులలోను, బియ్యపు మిల్లులలోను పనిచేసి కూడబెట్టుకొన్న సొమ్మును అనేకులు అచ్చటనే దాచుకొనిరి. 1963లో అచ్చటి ప్రభుత్వము బ్యాంకులను జాతీయము చేసినది. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించినది. అటుపిమ్మట తిరిగి వచ్చిన కుటుంబములలో పెక్కింటికి ఇరువది, ముప్పది యేండ్ల కష్టార్జితము చేతికి దక్కలేదు.

నేడు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతములనుండి దుబాయికి, సౌదీ అరేబియాకు పోవువారికిని, కోనసీమ, కడప ప్రాంతములనుండి కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీలకును అట్టి ఆపద లేదు. సొమ్మును నెలనెల ఇంటికి పంపుటకు మార్గములు కలవు. అయినను పంపిన సొమ్ము ఎవరి పేర, ఏ ఖాతాలో పడుచున్నది అను ప్రశ్న మిగిలియే యున్నది. పంచాయతీ సభ్యులకు ఈ విషయమును వివరింపదలచితిమి. ఏలయనగా పాసుపోర్టు చేతికి వచ్చిన యువకుడు వీసా గురించి పదిమందిని అడుగును. బ్యాంకును గురించి ఒక్కరినైనను అడుగడు.

మేము పర్యటనలో కలిసికొన్న ఒకాయన తొమ్మిదేండ్లు గల్ఫులో తాపీపని చేసెను. పోవునపుడు తనకు ఖాతా లేనందున అన్నగారి ఖాతాకే డబ్బు పంపెను. తిరిగి వచ్చినపుడు ఆ డబ్బుతో కొన్న రెండెకరములు అన్నగారి పేర ఉన్నవి. అన్నగారు దుర్మార్గుడు కాడు. ఇంటిఖర్చు, పెండ్లిండ్లు, వైద్యము పోగా మిగిలిన లెక్క ఇంతే యనెను. కాగితము మీద తమ్ముని పేరు ఎచ్చటను లేదు. ఊరి పెద్దలు రెండు పర్యాయములు కూర్చుండిరి గాని ఏమి తేల్చగలరు?

కావున పోవువారు ముందుగా రెండు ఖాతాల ఏర్పాటు చేసికొనుట మేలని మా అభిప్రాయము. ఒకటి భార్య లేక తల్లి పేర, ఇంటిఖర్చుకు. రెండవది తన పేర, మిగులునకు. ప్రతినెల ఇంటికి ఎంత, మిగులునకు ఎంత అన్నది బయలుదేరుటకు ముందే ఇంటివారందరు కూర్చుండి నిర్ణయించుకొనవలెను. తరువాత ఫోనులో తేల్చుకొనవచ్చునన్నచో తగవులకు దారితీయును.

ఇంటిలోనివారి ఖాతా ఎట్టిదో చూడవలెను. తగిన గుర్తింపు పత్రములు లేకుండ తెరచిన ‘చిన్న ఖాతా’కు హద్దులు కలవు. అందులో నిలువ 50,000 రూపాయలు, ఏడాదికి జమ లక్ష రూపాయలు, నెలకు తీసికొనుట 10,000 రూపాయలు మించరాదు. పూర్తి గుర్తింపు జరుగువరకు విదేశమునుండి వచ్చు సొమ్ము అందులో జమకాదు. 2014 తరువాత జనధన పథకము క్రింద ఖాతా తెరచినవారు తమది ఏ తరగతికి చెందినదో బ్యాంకులో అడిగి తెలిసికొనవలెను. ఆధార్ వంటి పత్రము ఇచ్చి పూర్తి ఖాతాగా మార్పించుకొనుట సులభము.

ఇక తన పేర ఖాతా. ఉద్యోగమునకై దేశము విడిచిన వ్యక్తిని విదేశీ మారక నిర్వహణ చట్టము (1999) ప్రవాసిగా పరిగణించును. అట్టివాడు స్వదేశములోని మామూలు పొదుపు ఖాతాను అట్లే నడుపరాదు. బ్యాంకునకు తెలిపి దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. ఈ నియమము మన పల్లెలలో పెక్కుమందికి తెలియదు. పొలము కౌలు, ఇంటి అద్దె మొదలగు స్వదేశపు ఆదాయము ఎన్.ఆర్.ఓ. ఖాతాలో పడును. దానిపై వచ్చు వడ్డీలో 30 శాతము, దానిపై సెస్సుతో సహా, పన్నుగా బ్యాంకే మినహాయించును.

ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరు. విదేశములో సంపాదించి పంపిన సొమ్ము దీనిలో రూపాయలుగా చేరును. ప్రవాసిగా నున్నంతకాలము దీని వడ్డీపై మన దేశములో ఆదాయపు పన్ను లేదు. కావలసినపుడు అసలును, వడ్డీని తిరిగి విదేశమునకు తీసికొనిపోవచ్చును.  కూలిపనికి పోవువానికి ఈ పేర్లన్నియు ఎందుకని కొందరు అడుగుదురు. పన్ను లేని వడ్డీ కూలివానికిని, ఇంజనీరునకును ఒక్కటియే గదా!

పాసుపోర్టు, వీసా, ఉద్యోగ ఒడంబడిక, పాన్ కార్డు, చిరునామా పత్రము, ఫోటోలు తీసికొని బ్యాంకునకు పోవలెను. కొన్ని బ్యాంకులు ప్రయాణమునకు ముందే కాగితములు తీసికొనును. కొన్ని, అచ్చటికి చేరిన పిమ్మట పంపుమనును. ఊరికి దగ్గరనున్న శాఖ, మాట వినిపించుకొను సిబ్బంది, కనీస నిలువ తక్కువగా నుండుట - ఎంపికకు ఇవియే ముఖ్యము. పెద్ద పట్టణములోని అద్దాల భవనమును చూచి ఎన్నుకొనవద్దు. డబ్బు తీయవలసినది ఇంటిలోని ముసలి తల్లి. ఒక బ్యాంకులో ఒకరి సొమ్మునకు 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ కలదు. అంతకు మించినచో రెండవ బ్యాంకు చూచుకొనవచ్చును.

ఎన్.ఆర్.ఇ. ఖాతాలో స్వదేశమున నున్న దగ్గరి బంధువును జతచేర్చుకొనవచ్చును. అయితే ‘మొదటివారు లేక మిగిలినవారు’ అను పద్ధతిలో మాత్రమే. అనగా మొదటివాడు జీవించియున్నంతకాలము రెండవవారు అధికారపత్రము మీదనే ఖాతా నడుపగలరు. నామినీ పేరు తప్పక వ్రాయింపవలెను. 2025 నవంబరు 1 నుండి నలుగురు నామినీల వరకు వ్రాయించుటకు వీలు కలిగినది. విదేశములో మరణించిన కార్మికుని కుటుంబము నామినీ లేని ఖాతాకై నెలల తరబడి కచేరీలు తిరుగుట మేము చూచితిమి. ఆ తిరుగుటలో ఆ ఇల్లాలు కోల్పోయిన కూలి ఎంతయో ఎవరును లెక్కవేయలేదు.

మొబైలు నంబరు విషయము చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. ఖాతాకు చేర్చిన సిమ్ము రీచార్జి లేక మూతపడినచో ఆ నంబరు కొంతకాలమునకు మరియొకరికి పోవును. అప్పుడు బ్యాంకు రహస్య సంఖ్య అపరిచితుని ఫోనునకు చేరును. నంబరు నిలుపుకొనవలెను, లేక విదేశపు నంబరును బ్యాంకులో నమోదు చేయింపవలెను. రెండేండ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమగును. పాత పాసుపుస్తకములోని అంకెలను కూడ సరిచూచుకొనవలెను. 1923లో మచిలీపట్టణమున స్థాపింపబడిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైనది. దాని శాఖల సంకేతాక్షరములు మారినవి. పాత సంకేతము వ్రాసి పంపిన సొమ్ము దారితప్పును.

ఏజెంటు విషయములోను బ్యాంకు అక్కరకు వచ్చును. నమోదైన ఏజెంటు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.యస్.టి. మాత్రమే. ఆ మొత్తమును చెక్కుగానో, ఖాతానుండి ఖాతాకో చెల్లించి రసీదు పొందినవాని వద్ద సాక్ష్యము మిగులును. చేతిలో నోట్లు పెట్టినవాని వద్ద ఏమియు మిగులదు. ఏటీఎం కార్డును, సంతకము చేసిన ఖాళీ చెక్కులను ఏజెంటునకుగాని, అప్పిచ్చినవానికిగాని అప్పగింపరాదు.

అచ్చటి జీతము కూడ అనేక దేశములలో బ్యాంకు మూలముగనే వచ్చును. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో 2009 నుండి, కతార్‌లో 2015 నుండి ఈ ఏర్పాటు కలదు. ఇంటికి పంపునపుడు మారకపు రేటును, రుసుమును రెండింటిని కలిపి చూడవలెను. నెలకు వెయ్యి దిర్హములు పంపువానికి దిర్హముకు 20 పైసల తేడా వచ్చినచో నెలకు 200, ఏడాదికి 2,400 రూపాయలు పోవును. రేటు మంచిదని హుండీవాని చేతికి ఇచ్చుట చట్టవిరుద్ధము; అతడు మోసగించినను ఫిర్యాదు చేయుటకు రసీదు ఉండదు.

తిరిగి వచ్చి స్థిరపడినవారు ఆ సంగతి బ్యాంకునకు వెంటనే తెలిపి ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకొనవలెను. పోవువారి సంఖ్య ఎక్కువగానున్న గ్రామములలో, సమీప శాఖాధికారిని ఒకనాడు పంచాయతీ కార్యాలయమునకు ఆహ్వానించినచో పోవువారితోపాటు ఇంటనుండు స్త్రీలు కూడ వచ్చి తమ సందేహములు అడుగగలరు. ఆ స్త్రీలు వచ్చు వేళను, అనగా నాట్లు, కోతలు లేని దినమును, ఎంచుకొనవలెను.